వానొస్తుందని ఒట్టు

ఉరుము వినపడిందంటే చాలు, మా పైడితల్లి అత్త సెల్‌ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించేస్తుంది. ఆ వెంటనే కత్తిపీట, కొడవళ్ళు, గునపం అన్నీ వాకిట్లోకి విసిరేస్తుంది. ఇంట్లో ఇనుముంటే పిడుగు వెతుక్కుంటూ వస్తుందట. సెల్‌ఫోనుంటే ఇంకా తొందరగా వస్తుందట. వానల రాకడ చెప్పే ఆఫీసులో ఉద్యోగం నాది. విశాఖపట్నంలో కూర్చుని చుట్టుపక్కల జిల్లాల ఫోన్లన్నిటికీ పిడుగు హెచ్చరికలు పంపిస్తుంటాను. నన్ను పెంచిన మేనత్త ఫోను మాత్రం సరిగ్గా ఆ వేళకి బియ్యంలో పడుకుని ఉంటుంది. ఒళ్ళు మండదా మరి!

ఈ సంగతి నాకు తెలిసింది ఈ ఏప్రిల్‌లోనే. ఆనందపురం వైపు సాయంత్రం బాగా ఉరిమింది. అత్త ఊరు అక్కడికి దగ్గరే. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. మళ్ళీ చేస్తే మళ్ళీ స్విచ్ ఆఫ్. వాన వెలిసి, చీకటి పడబోతుండగా తనే చేసింది.

“ఏటే రోజా, అన్నిసార్లు సేసినావట? ఏటి కొంప మునిగింది?”

“ఫోనెందుకు కట్టీసినావత్తా? నాను ఇక్కడ సచ్చిపోతన్నాను.” అత్తతో మాట్లాడితే నా నాలుక దానంతటదే ఊరికెళ్ళిపోతుంది. ఆఫీసులో వాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

“ఉరుముతుంటే సెల్లు ఎవులైనా ఉంచుతారేటి? పిడుగు లాగీదూ!”

“సెల్లు పిడుగుని లాగదత్తా. ఇదే సదువు సదివి సెప్తన్నాను.”

“నీ సదువు నీ కాడ ఎట్టుకో. ఊరంతా కట్టీసినారు. నానొక్కర్తినీ ఉంచుకుని సావాలేటి?”

ఊరంతా. మేం హెచ్చరిక పంపేది రాడార్‌లో మబ్బు కనబడ్డాక. మబ్బు ఎదిగి, అది పిడుగుల మబ్బేనని తేల్చుకుని, సందేశం రాసి, పెద్దాయన చేత సరే అనిపించుకుని పంపేసరికి పొలాల్లో ఉరుము వినపడుతూనే ఉంటుంది. ఉరుము వినపడిందంటే ఊళ్ళో ఫోన్లన్నీ బియ్యంలోకో బట్టల పెట్టెలోకో వెళ్ళిపోతాయి. మా కంప్యూటర్ మాత్రం సందేశాలు పంపించామని చెప్పి పచ్చగా మెరుస్తుంది. అది చూసుకుని మేం టీ తాగుతాం.

పోయినేడు అత్త ఊరి పక్క ఊళ్ళో, నువ్వుల చేను గట్టున తాటిచెట్టు కింద నిలబడ్డ ఇద్దరాడవాళ్ళ మీద పిడుగు పడింది, ఇద్దరూ అక్కడే పోయారు. అందులో ఒకావిడ నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పుడల్లా కొంగులోంచి తేగలు తీసి నా చేతిలో పెట్టేది. ఆ రోజు హెచ్చరిక వెళ్ళింది. ఆ సంగతి మా ఆఫీసులో అందరూ ఊపిరి పీల్చుకుంటూ చెప్పుకున్నాం. వెళ్ళిన హెచ్చరికని ఎవరు విన్నారని ఎవరూ అడగలేదు.

మర్నాడే మా పెద్దాయన నరసింహమూర్తి గారి గదిలోకి వెళ్ళి ఈ బియ్యం డబ్బా కథ చెప్పాను. ఆయన నవ్వలేదు.

“అయితే ఉరుముకి ముందే పంపాలంటావు.”

“అవునండి.”

“ఉరుముకి ముందు మబ్బే ఉండదు కదమ్మా. లేని మబ్బుకి హెచ్చరిక పంపితే రెండుసార్లు వింటారు, మూడోసారి నవ్వుతారు. నాలుగోసారి నిజంగా వస్తే?”

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆయనకి అనుభవం కూడా ఉంది. మార్చిలో ఒకసారి నా మాట విని, మబ్బు పుట్టకముందే నగరానికి హెచ్చరిక పంపించారు. చుక్క పడలేదు. జాలరిపేటలో ఇసక మీద ఆరబెట్టిన చేపల్ని ఆడవాళ్ళు హడావిడిగా పచ్చి పచ్చిగానే బుట్టలకెత్తేశారు. అవి కుళ్ళిపోయాయి. మర్నాడు ఒకావిడ బుట్టతో సహా ఆఫీసుకొచ్చి, “ఇదిగో మీ వాన” అని నరసింహమూర్తి గారి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ వాసన ఆయన గది కర్టెన్లకి ఇంకా ఉంది.

నువ్వుల కాలమొస్తే అత్త నాకు రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది. కోసిన నువ్వు చెట్లని మోపులు కట్టి నిలబెడతారు. కాయలు ఎండి నోళ్ళు తెరిచాక కల్లంలో విప్పి, తిరగేసి దులుపుతారు. ఆ విప్పిన రోజు వాన పడిందా, గింజంతా నల్లబడి బూజు పట్టి పోతుంది. పడుతుందేమోనని భయపడి ఎండిన మోపుల్ని అటూ ఇటూ మోసినా నష్టమే. కాయలు పగిలి గింజంతా దారిలోనే రాలిపోతుంది. కాబట్టి విప్పే రోజు ఏదన్నది అత్తకి పెద్ద సంగతి. ఆ బియ్యం డబ్బా గొడవ జరిగిన వారానికి, ఒకరోజు పొద్దున్నే అలాగే చేసింది.

“ఏటే, ఇయ్యాల ఇప్పీమంటావా? గంగాభవానీ వాళ్ళు వచ్చీసినారు. గుమ్మంలో నిలబడ్డారు.” గంగాభవాని అత్త ఇంటి పక్కనే ఉంటుంది. కూలి పనికి ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చేది ఆవిడే.

“సగం సగం అత్తా.”

“సగం వాన ఎలగ కురుత్తాదే? నా కల్లంలో సగానికి పడి, సగానికి మానేత్తాదేటి?”

పొద్దున్నే వదిలిన బెలూన్ పై గాలి సంగతి చెప్పింది. కింద సముద్రం నుంచి వచ్చిన తేమ బాగా ఉంది. దాని మీద వేడిగా, పొడిగా ఉన్న గాలి పొరొకటి మూతలా కూర్చుంది. మధ్యాహ్నపు ఎండకి కింద గాలి కాగి ఆ మూతని తోసేస్తే పెద్ద మబ్బు లేస్తుంది. తొయ్యలేకపోతే ఆకాశం సాయంత్రం దాకా నీలంగానే ఉంటుంది. అత్తకి అర్థమయ్యేలా పొయ్యి మీద కుండ పెట్టి చెప్పాను.

“నీ కుండ బాగానే ఉంది. పొంగుతాదా పొంగదా, అది సెప్పు.”

“తెల్దత్తా.”

“తెల్దనడానికేటే గవర్నమెంటోళ్ళు జీతమిచ్చేది? సర్లే, మోపులు ఇప్పీస్తన్నాం. మద్దేనానికి సెప్పు.”

మధ్యాహ్నం ఎండ పేలిపోతోంది. కిటికీలోంచి చూస్తే హార్బరు బయట నిలబడ్డ ఓడలు వేడికి వణుకుతున్నట్టు కనబడుతున్నాయి. రాడార్ తెర మీద మబ్బన్నది లేదు. కానీ తీరం వెంబడి ఒక సన్నటి గీత కనబడింది. సముద్రపు గాలి లోపలికి వస్తున్నప్పుడు దాని ముందు అంచు అలా గీతలా కనబడుతుంది. అది రుషికొండ దాటి ఆనందపురం వైపు నడుస్తోంది. అవతల అనంతగిరి కొండల మీద ఉపగ్రహం ఫొటోలో దూదిపింజల్లాంటి చిన్న మబ్బులు లేస్తున్నాయి. పై గాలి వాటిని మైదానంలోకి తోస్తోంది. ఇటు గీత, అటు మబ్బులు. రెండూ కలిస్తే ఎక్కడ కలుస్తాయో వేలు పెట్టి చూశాను. వేలు మా అత్త ఊరి మీద ఆగింది.

నరసింహమూర్తి గారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. ఆయన తెర దగ్గరగా వంగి చాలాసేపు చూశారు.

“ఎంతంటావు?”

“సగం.”

“కనబడేది గీత. వచ్చేది సగం.” తల గోక్కున్నారు. తరవాత ఏమనుకున్నారో, “పంపించు. రేపు బుట్టలొస్తే నువ్వే మాట్లాడు” అన్నారు.

పంపించాను. నిప్పులు చెరిగే ఎండలో, నీలాకాశం కింద, పిడుగులు పడవచ్చు, పొలాల్లోంచి ఇళ్ళకి వెళ్ళిపొండి అని సందేశం వెళ్ళింది. ఎవరు నమ్ముతారు? అత్త అసలు సందేశాలు చదవదు. ఫోన్ చేశాను. ఈసారి వెంటనే ఎత్తింది. వెనకాల కర్రలతో నువ్వు కట్టలు కొడుతున్న చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు వినబడుతున్నాయి.

“అత్తా, మోపులు ఎత్తీసి అందరూ ఇంటికి పోండి. బేగి.”

“ఏటే, ఎండకి మాడు పేలిపోతంది ఇక్కడ.”

“ఉరుమొత్తాది. ఉరిమాక పరిగెడితే ఇల్లు సేరలేరు. మీ కల్లం పక్కనే తాడిసెట్టు ఉంది.”

“పొద్దున్న సగమన్నావు, ఇప్పుడు లెగమంటన్నావు. కల్లమంతా ఇప్పీసి ఉంది. ఇప్పుడెత్తితే గింజంతా మట్టిపాలే. మీయోళ్ళు మొన్న కూడా ఇలగే సెప్పీసి జాలరిపేటోళ్ళ సేపలు కుళ్ళబెట్టినారట గదా. సంతలో అందరూ నవ్వుకుంటన్నారు.”

“అత్తా, నీకు దండం పెడతాను.”

“దండాలొద్దు. ఒత్తాదని ఒట్టెయ్యి.”

“ఒట్టేటి?”

“నీ గుంట మీద ఒట్టెయ్యి. నీలిమ మీద ఒట్టు, వాన ఒత్తాది అను. కర్ర పడేసి లేచిపోతాను.”

నా కూతురి మీద ఒట్టు! మా ఇంట్లో ఒట్టంటే ఆట కాదు. నా చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చి మూసిన కన్ను తెరవని రోజుల్లో, మా అత్త నా తల మీద చెయ్యి పెట్టి ఇంక చుట్ట ముట్టనని ఒట్టేసుకుంది. అంతకుముందు నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే మనిషి. పొద్దున్న లేస్తే చుట్ట లేకుండా మాట కూడా పెగిలేది కాదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ముట్టలేదు. ఒట్టు తప్పితే ఎవరి మీద వేశామో వాళ్ళకి తగులుతుందని ఆవిడ నమ్మకం. నాకు నమ్మకం లేదు. లేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఫోను చెవికి అలాగే ఉంది. నా కూతురు ఇంగ్లీషు మీడియం స్కూల్లో లెక్కలు చేసుకుంటూ ఉంటుంది ఈ వేళకి. నాకు తెలిసింది సగం. సగానికి బిడ్డ మీద ఒట్టా? అలాగని వెయ్యకపోతే, ఆ సగమే నిజమైతే? కొంగులోంచి తేగలు తీసిన ఆ చెయ్యి కళ్ళ ముందు కనబడింది.

“నీలిమ మీద ఒట్టు” అన్నాను. “వాన ఒత్తాది. లెగండి.”

అటు కర్రల చప్పుడు ఆగింది.

“సరే” అని అత్త ఫోను పెట్టేసింది.

వెనక్కి తిరిగితే నరసింహమూర్తి గారు నిలబడి ఉన్నారు.

“ఏమన్నావమ్మా?”

“ఒట్టేశానండి. మా అమ్మాయి మీద.”

ఆయన ఫిజిక్సులో డాక్టరేట్ చేసిన మనిషి. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. “అదేం పనమ్మా! తప్పు కదూ!” అని కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని తెర వంక చూడటం మొదలుపెట్టారు. ఇద్దరం చదువుకున్నవాళ్ళం, వాన కోసం మొక్కుకుంటున్నట్టు కదలకుండా కూర్చున్నాం.

నా బుద్ధి ఎలా తిరిగిపోయిందో చూడండి. పొద్దున్నుంచి ఆ మబ్బు మా ఊరి మీదికి రాకూడదని భయపడ్డాను. ఒట్టు నోట్లోంచి రాగానే, పిడుగుల మబ్బు నేరుగా మా ఊరి మీదికే రావాలని కోరుకుంటున్నాను. ఛీ అనిపించింది. అయినా కోరుకోవడం మానలేదు.

మబ్బు పుట్టింది. ముందు తెర మీద పచ్చటి చుక్క, కాసేపటికి పసుపు, మధ్యలో ఎరుపు. కొత్తవలస అవతల లేచి తూర్పుకి నడుస్తోంది. పిడుగులు పడ్డ చోటల్లా చిన్న గుర్తులు మెరుస్తున్నాయి. అత్తకి ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. అంటే ఉరుము వినబడింది. ఇంట్లో ఉండి బియ్యం డబ్బాలో పెట్టిందా, లేకపోతే ఇంకా కల్లంలోనే ఉండి ఆపేసిందా? “సరే” అన్న మనిషి నిజంగా లేచిందా? ఆ స్విచ్ ఆఫ్ మాట వింటుంటే ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది.

తరవాత మా కళ్ళ ముందే మబ్బు రెండుగా చీలింది. ఒక ముక్క విజయనగరం రోడ్డు పట్టుకుని వెళ్ళిపోయింది. రెండోది దక్షిణంగా సింహాచలం కొండల వైపు జారి, అక్కడ నాలుగు ఉరుములు ఉరిమి చల్లబడిపోయింది. మధ్యలో మా అత్త ఊరు. దాని మీద తెర ఖాళీగా ఉంది. నరసింహమూర్తి గారు లేచి నా భుజం తట్టబోయి, ఆగి, తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆ మండలానికి హెచ్చరిక తప్పింది అని నేనే నమోదు చేశాను.

ఇంటికి వెళ్ళేసరికి నీలిమ సోఫాలో పడుకుని బొమ్మలేసుకుంటోంది. చెప్పులు విప్పకుండానే వెళ్ళి నుదుటి మీద చెయ్యి పెట్టాను.

“ఏంటమ్మా?”

“ఏం లేదు.”

వేడి లేదు. చల్లగా, మామూలుగా ఉంది. అయినా ఇంకోసారి చూశాను. నా మీద నాకే కోపమొచ్చింది.

దీపాలు పెట్టే వేళకి అత్త ఫోన్. ప్రాణం లేచొచ్చింది.

“వానొచ్చీసిందే!” గొంతులో పెళ్ళివారి హడావిడి.

“ఎక్కడ?”

“ఎక్కడేటి, ఇక్కడే. మా వాకిట్లో. సినుకులు పడ్డాయి.”

“అత్తా, మీ ఊరి మీద సుక్క పడనేదు. నాను సూసినాను.”

“నీ యంత్రానికి కళ్ళు పోనాయి. పడ్డాయని సెప్తంటే! సూరు మీంచి కారినాయి. గుంట బాగుందా? అన్నం తిందా? ఒళ్ళు వెచ్చబడనేదు గదా?”

నాకేమీ అర్థం కాలేదు. ఇంతలో వెనక నుంచి గంగాభవాని గొంతు, నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక: “సినుకులేటి పైడితల్లప్పా! బకెట్టుడు నీళ్ళు నువ్వే గదా నిచ్చెనేసుకుని సూరు మీద పోసీసినావు!”

“నోరుముయ్యే!” అని అత్త అరిచింది. తరవాత నాతో, మెల్లగా, “మీద నుంచి పడింది, కింద తడిసింది. మరది వాన కాదేటి? నీ ఒట్టు తీరిపోనాది. గుంటకేటీ అవదు. నువ్వు గుబులెట్టుకోకు” అంది.

ఏడుపొచ్చేసింది. నిజంగానే ఏడ్చాను. ఈ వయసులో నిచ్చెనెక్కి, బకెట్టు మోసుకుంటూ, నా అబద్ధాన్ని నిజం చెయ్యడానికి చూరు మీద నీళ్ళు పోసిన మనిషిని ఏమనాలి?

“నువ్వులేవత్తా?”

“దారంతా రాలిపోనాయి. పిచికలకి పండగ. గంగాభవానీ, నానూ ఏరుతున్నాం, ఏరినంత. పోతే పోనీ, సేలో ఇంకా కట్టిన మోపులున్నాయి.”

“అత్తా, నాకు సగమే తెల్సు. మద్దేనం కూడా సగమే. ఒట్టు ఉత్తదే.”

“తెల్సు.”

“తెల్సా?”

“నాను పెంచిన పిల్లవి, నీ గొంతు నాకు తెల్దేటి? ఒణికిపోనాది.”

“మరెందుకు లేచినావు?”

అటు వాకిట్లో ఎవరో చీపురుతో నేల ఊడుస్తున్న చప్పుడు.

“సగానికే కన్నబిడ్డ మీద ఒట్టేసీసినావంటే, నీకా సగం ఎంత బయమో అనుకున్నాను. అందుకని లెగిసినాను.”

నా చదువులో ఈ లెక్క లేదు. ఎంత శాతమన్నది, పసుపో ఎరుపో రంగు వేసి మేం ఊరందరికీ పంపిస్తాం. ఆ శాతం వెనక ఎంత భయముందో పంపించడానికి మా దగ్గర రంగు లేదు.

మర్నాడు పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందే ఫోన్ మోగింది.

“ఏటే, ఇయ్యాల ఎంత?”

“ఇయ్యాల కూడా సగమే అత్తా.”

మళ్ళీ వెటకారమాడుతుందని ఎదురు చూశాను. ఆడలేదు.

“మద్దేనానికి మళ్ళీ సెప్పు. ఉరుమక ముందే సెయ్యి, ఉరిమితే సెల్లు బియ్యంలోకే. అది మాత్రం మారదు. ఇంకోటి ఇను, సగమైతే సగమని సెప్పు. పావైతే పావని సెప్పు. గుంట మీద మాత్రం ఇంకెప్పుడూ ఒట్టెయ్యకు.”

ఫోను పెట్టకుండానే కల్లంలోకి తిరిగి కేకేసింది. నాకు ఇక్కడ వినబడింది.

“గంగాభవానీ! ఇయ్యాల సగమట. మోపులు సగమే ఇప్పండే!”